ఏ దీవి కాయ? మజురోలో ఒక రోజు

ఎనభైల నడుమ ఉత్తర కరోలినాలోని క్యారీలో కొబ్బరికాయ దొరకడం కష్టం కాదు, మంచి కాయ దొరకడమే కష్టం. నా భార్య సుగుణకు అయిదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి గణపతికి కాయ కొడతానని మొక్కుకుంది. మూడు దుకాణాల్లో కొన్న మూడు కాయలూ కుళ్లినవే. కుళ్లినా మంచిదేనని పెద్దలు చెప్పే ఓదార్పును నేను అధికారికంగా వినిపించాను, ఆమోదం లభించలేదు. ఆ వారంలోనే, మార్షల్ దీవుల రాజధాని మజురోలో వాననీటి తొట్లను పరిశీలించి, దేశ పరిస్థితిపై స్థూల నివేదిక సమర్పించమని మా విశ్వవిద్యాలయం ఆదేశించింది. డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. "కొబ్బరిచెట్లు తప్ప ఏం లేని దేశమటగా, నేనూ వస్తా. ఒక్క టికెట్టేగా, బుక్ చేసేయండి" అంది సుగుణ. ఆ ఒక్క టికెట్టుకు నా నెల జీతం పోయింది.

రాలీ నుంచి లాస్ ఏంజిలిస్, అక్కడి నుంచి హోనోలులు. ఆ రాత్రి విమానాశ్రయంలోనే గడిపి శుక్రవారం ఉదయం బయలుదేరితే, దారిలో అంతర్జాతీయ దినరేఖ దాటి అయిదు గంటల్లో శనివారం చేరుకున్నాం. పోయిన రోజుకు రసీదు ఇవ్వరు, తిరుగు ప్రయాణంలో వాపసు చేస్తారు. దేశ స్వరూపం త్వరగానే పూర్తవుతుంది. రాజధాని అంటే ఒక రోడ్డు. దానికి ఒకవైపు మహాసముద్రం, మరోవైపు ఉప్పునీటి మడుగు. కొండలు లేవు, నదులు లేవు, తాగునీరు ఆకాశం నుంచి వస్తుంది. చెలామణిలో అమెరికా డాలరు, దుకాణాల్లో కాలిఫోర్నియా బియ్యం, డబ్బా మాంసం. టాక్సీలో ఎక్కడ దిగినా కొన్ని సెంట్లే. మా డ్రైవరు ఎల్డన్ ఒక చిన్న వంతెన దాటిస్తూ, "ఇదే సార్ మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన కొండ" అన్నాడు.

తొట్ల తనిఖీ ముగిశాక, మధ్యాహ్నం రోడ్డు పక్కన కాయలమ్మే ఆమె దగ్గర ఆగాం. ఎల్డన్ ముందు దిగి, కాయ చేత్తో పట్టుకుని, వాళ్ల భాషలో చాలాసేపు ప్రశ్నించాడు. ఏమడుగుతున్నావని సుగుణ అంటే, "ఏ దీవి కాయో కనుక్కుంటున్నాను, మేడమ్" అన్నాడు.

సుగుణ నావైపు తిరిగింది. "చూశారా? మన నూజివీడు మామిడికాయల్లా వీళ్లూ ఊరి పేరు చూసి కొంటారు. మీరేమో చేతికందింది పట్టుకొచ్చేస్తారు."

అమ్మే ఆమె నవ్వి వెనక ఉన్న చెట్టును చూపింది. ఒడ్డున పగడపు రాయి మీద సుగుణ కాయ కొట్టింది. రెండు చిప్పలూ మల్లెపువ్వులా ఉన్నాయి.

"ఏవండీ, ఎంత తెల్లగా ఉందో చూడండి! ఇంక భయం లేదు." కళ్లు తుడుచుకుని, ఎల్డన్‌కు కూడా వివరించింది. లోపల తెల్లగా ఉంటే బిడ్డకు క్షేమమని మా నమ్మకం.

"మా కాయలూ తెల్లగానే ఉండేవి, మేడమ్" అన్నాడు ఎల్డన్. "మాది ఉత్తరాన బికినీ."

ఆ దీవిలో అమెరికా అణుబాంబులు పరీక్షించిందని నేను చదివే ఉన్నాను, ఒక పేరాలో.

"శుభ్రమైపోయిందన్నారు, తిరిగి వెళ్లాం. కాయలు తిన్నాం. ఎంత తీపో! తర్వాత డాక్టర్లొచ్చి, ఆ కాయల్లోంచి బాంబుల విషం మా ఒంట్లో ఎంత చేరిందో కొలిచారు. తినొద్దన్నారు. మళ్లీ ఓడెక్కించారు. మా ఆవిడకప్పుడు ఆరో నెల."

"బిడ్డ?" అంది సుగుణ.

"ఉన్నాడు. బళ్లో వేశాం. వాడికి జ్వరం వచ్చినప్పుడల్లా మా ఆవిడ నా ముఖం చూస్తుంది."

సుగుణ చేతిలో ప్రసాదం ముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎల్డన్ అది చూశాడు. "ఈ చెట్టుదే, మేడమ్. నేనడిగాను" అంటూ చిప్పలోంచి ముక్క తీసుకుని ముందు తాను తిన్నాడు. ఆ తర్వాత ఆమె తింది.

నివేదికలో తొట్ల సంగతి సవివరంగా రాశాను. ఇది ఏ శీర్షిక కింద చేర్చాలో తెలియలేదు. ఆ బాంబులు వేసిన దేశపు పౌరసత్వానికి అప్పటికే నా దరఖాస్తు పరిశీలనలో ఉంది. తర్వాత మంజూరైంది కూడా. మా అమ్మాయి ఆ శీతాకాలంలో క్షేమంగా పుట్టింది. కాయ తెల్లగా పగిలితే నేటికీ మా ఇంట్లో అందరూ సంతోషిస్తారు. సుగుణ మాత్రం ఎక్కడి కాయ అని అడుగుతుంది. కుళ్లు కంటికి కనబడుతుంది, అందుకే దానికి శకునం అంటూ ఒకటుంది.

వెళ్లేవారికి ఒక సూచన: కాయ వెంట తెచ్చుకోకండి, హోనోలులు తనిఖీలో తీసేసుకుంటారు. అక్కడే కొట్టి అక్కడే తినండి. కొనేటప్పుడు డ్రైవరు ఏదో అడుగుతూ ఆలస్యం చేస్తే, తొందరపెట్టకండి.