మేనత్త గుమ్మం దాటిన రోజు

తాడేపల్లిగూడెం స్టేషన్లో దిగగానే మార్కెట్ వైపు నుంచి ఉల్లిపాయల ఘాటు ముక్కుకు తగిలింది. నా వెంట దిగిన మా మేనత్త ఆ వాసనను గుండెల నిండా పీల్చింది. ముప్పయ్యేళ్ళ తరవాత ఆవిడ ఆ ఊళ్ళో అడుగుపెట్టడం అదే.

అమ్మ మా చిన్నప్పుడే పోతే అన్నయ్యనీ నన్నూ పెంచింది ఆవిడే. వానాకాలం పెంకుల వసారాలో చూరునీళ్ళు ధారలు కడుతుంటే మమ్మల్ని చెరోపక్కా కూచోబెట్టుకుని వేడన్నంలో మాగాయ కలిపి ముద్దలు పెట్టేది; కొల్లేటి కొరమేను వండిన రోజున ముళ్ళు ఏరి, వేలితో తడిమి చూసి మరీ అన్నయ్య నోట్లో పెట్టేది; వేసవిలో ముంజెలు తిన్నాక ఆ కాయలకే పుల్ల గుచ్చి మాకు బండి చేసిచ్చేది. నేను పెద్దమనిషినైనప్పుడు నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి చిమ్మిలి చేసి, మొదటి ఉండ నాకు తినిపించి, "తలెత్తుకు తిరగవే" అంది.

ఆ మరుసటేడు ఆవిడ ఏలూరులో బట్టలు కుట్టే సాహెబుగారిని పెళ్ళి చేసుకుంది. నాన్న ఇంట్లో ఆవిడ పేరు ఎత్తనివ్వలేదు. నాన్న పోయాక అన్నయ్యా అంతే. సాహెబుగారు పోయినప్పుడు కూడా చూడ్డానికి వెళ్ళలేదు.

మేం గూడెంలో దిగిన ఆ రోజు అన్నయ్య కూతురికి ఓణీల వేడుక. ఓణీ వేయాల్సింది మేనత్తనైన నేను. నేనుండే తణుకు నుంచి తిన్నగా గూడెం వెళ్ళకుండా ముందు ఏలూరు వెళ్ళి, వద్దంటున్నా వినకుండా అత్తను రైలెక్కించాను.

గుమ్మంలో అన్నయ్య అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వొక్కదానివే వస్తావనుకున్నాను."

"నా మేనత్త బయటుంటే నీ కూతురి మేనత్త లోపలికెలా వస్తుందన్నయ్యా?"

"నే వెళ్ళిపోతానే. పిల్ల ముచ్చట పాడుచెయ్యకు," అంటూ అత్త చెయ్యి విడిపించుకోబోయింది. నేను వదల్లేదు. షామియానా కింద చుట్టాలందరూ చూస్తుండగా ఎండలో అలాగే నిలబడ్డాం. చివరికి వదిన బయటికొచ్చి, "ముహూర్తం దాటిపోతోందండీ," అని అన్నయ్యతో చెప్పి, అత్త రెండో చెయ్యి పట్టుకుంది. అన్నయ్య పక్కకి తప్పుకున్నాడు.

ఓణీ అత్తా నేనూ కలిసి వేశాం.

మేం పెరిగిన పెంకుటిల్లు ఇప్పుడు లేదు, దాని చోట మేడ లేచింది. పెరట్లో నూతిని పూడ్చి కారు పెట్టుకుంటున్నారు. అన్నయ్య అత్తతో ఇప్పటికీ ఒక్క మాటా మాట్లాడలేదు. కాని ఆ మధ్యాహ్నం బంతిలో వడ్డించుకుంటూ వచ్చి, ఆవిడ ఆకు ముందు ఆగాడు. వంగి నెయ్యి వేశాడు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా, నా పిలుపుతో పాటు ఆవిడ పిలుపూ అడిగి తీసుకుంటున్నాను.