రెండుసార్లు అడిగే పెద్దమ్మ

మొన్న శుక్రవారం పొద్దున, పాలు పొంగే వేళకు, ఛత్రినాకలో మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసింది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. గల్లీ అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో కాస్త అసూయ కూడా ఉందని మీ దగ్గర దాచను. పోయిన మనిషిని చూసి కుళ్ళుకోవడం మర్యాద కాదని నాకు తెలుసు. కానీ ఆమె బతికున్నన్ని రోజులూ ప్రతి సాయంత్రం నిష్ఠగా కుళ్ళుకున్నవాణ్ణి. పాడె లేచినంత మాత్రాన ఆ అలవాటు పోతుందా?

గొడవంతా స్పానిష్ వల్ల వచ్చింది. మా అక్క కూతురు లాస్య నాలుగో తరగతికి రాగానే, బడిలో మూడో భాషగా హిందీ, సంస్కృతం, స్పానిష్‌లలో ఒకటి ఎంచుకోమన్నారు. మా బావ స్పానిష్ దగ్గర టిక్కు కొట్టి వచ్చాడు. హిందీ గల్లీలో ఊరికే వస్తుంది, దానికోసం బడికెందుకు పోవాలన్నది ఆయన వాదన. మరి ఆ భాషలో పిల్లకు హోంవర్కు ఎవరు చేయిస్తారని అక్క అడిగింది. బావ నావైపు చూశాడు.

ఎందుకంటే కాలేజీలో నేను స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని టీవీ పైన కొలువై ఉంది. మా ఇంట్లో దాన్ని అప్పటిదాకా పట్టించుకున్నది దుమ్ము ఒక్కటే. ఇప్పుడు దానికి పని తగిలింది. నేను గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాను. నీళ్ళను అగువా అంటారని చెప్పాను. లాస్య అగువా అంది. అలా కాదన్నాను. మళ్ళీ అంది. అలా కూడా కాదన్నాను. వారం తిరిగేసరికి నేను పుస్తకం తీస్తే చాలు, పిల్లకు కడుపునొప్పి వచ్చేది.

ఆ కడుపునొప్పి పక్కింటి అరుగు మీదికి చేరగానే తగ్గిపోయేది. అక్కడ పెద్దమ్మ తన పీట మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుతూ ఉండేది. వాళ్ళది పాత మిర్చి దుకాణం. ఆ కారం పట్టీ పట్టీ పీట కూడా ఎర్రబారింది. ఏం చదువుతున్నవని ఆమె అడిగితే లాస్య స్పానిష్ అని గొణిగిందట.

"నాకు రాదు బిడ్డా. నేర్పు" అంది పెద్దమ్మ.

అంతే. ఆ రోజు నుంచి లాస్య టీచరు, పెద్దమ్మ విద్యార్థిని. సర్టిఫికెట్ ఉన్న నేను మా గేటు దగ్గర నిలబడి, ఫోన్ చూస్తున్నట్టు నటించే జనాభాలో ఒకణ్ణి.

పిల్ల చెప్పేది ఒప్పో తప్పో పెద్దమ్మకు తెలిసే దారి లేదు. అయినా ఆమెకొక పద్ధతి ఉండేది. దుకాణంలో కూర్చున్న రోజుల్లో, మిర్చి తెచ్చినవాణ్ణి కాయ ఏ ఊరిదని రాగానే ఒకసారి అడిగేదట. చాయ్ తాగించి, ఇంటి సంగతులన్నీ మాట్లాడి, మళ్ళీ అదే అడిగేదట. రెండుసార్లూ ఒకే ఊరు చెబితేనే బస్తా దిగేది. లాస్య దగ్గరా అదే పద్ధతి. నీళ్ళను ఏమంటరని మొదట్లో అడిగి, బుట్టలో మిరపకాయలు అయిపోయాక మళ్ళీ అడిగేది. జవాబులు కలవకపోతే తిట్టేది కాదు.

"రెండు మాటలొచ్చినయ్ బిడ్డా. ఏది ఖరారో రేపు మీ టీచరమ్మను అడిగి రా. నాకు గూడ ఎరుకైతది" అనేది.

క్లాసులో తన కోసం నోరు విప్పని పిల్ల, తను అవ్వా అని పిలిచే పెద్దమ్మ కోసం చెయ్యెత్తి అడిగి వచ్చేది. ఆ ఖరారు మాట నాకు తెలుసు. గేటు దగ్గరే ఉన్నాను. ఒక్కరూ అడగలేదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక, సెలవు తీసుకునేటప్పుడు అదియోస్ అనాలని పిట్టగోడ మీంచి సలహా పడేశాను. లాస్య లేచి "అదియోస్, అవ్వా" అంది. అంటే ఏందని పెద్దమ్మ నన్ను అడిగింది. ఆహా, నన్ను అడిగింది! పోతున్నా అన్నట్టు, అని గర్వంగా చెప్పాను. ఆమె చేతిలోని మిరపకాయ బుట్టలో పడింది.

"మా గడపల పోతున్న అనేది లేదు కొడుకా. పోయొస్త అనే మాట లేదా ఆళ్ళకు?"

ఉంది. ఆస్తా లువేగో, అంటే మళ్ళీ కలిసేదాకా అని. ఆ మాట చెప్పింది నేనే. పేరు మాత్రం ఆమెకొచ్చింది. మర్నాడు లాస్య క్లాసులో ఎవ్వరూ అదియోస్ అనొద్దు, మా అవ్వ ఒప్పుకోదు అని ఆర్డరు వేసిందట. టీచరుతో సహా అందరూ పాటించారట.

తర్వాత నోటి పరీక్ష వచ్చింది. ఇష్టమైన మనిషి గురించి స్పానిష్‌లో కాసేపు మాట్లాడాలి. నేను చొరవ తీసుకుని 'మా మామ' అని ఒక ప్రసంగం రాసిచ్చాను. వినయంగానే రాశాను. అందగాడు అన్న మాట ఒక్కసారే వాడాను. పరీక్ష అయ్యాక టీచరు ఆ రికార్డింగును అక్క ఫోనుకు పంపింది. అందరం అరుగు మీద చేరాం. లాస్య గొంతు పలికిన మొదటి మాటల్లోనే అబుయేలా అని వినపడింది. అంటే అవ్వ. నా ప్రసంగం అక్కడే ముగిసింది. మిగతావాళ్ళెవరికీ భాష రాదు కాబట్టి, అర్థం చెప్పే శిక్ష కూడా నాకే పడింది. నా ప్రత్యర్థి మీద పొగడ్తను నా నోటితోనే చెప్పాను.

"మా అవ్వకు స్పానిష్ రాదు. రాదని సిగ్గుపడదు. అందుకే నేను కూడా సిగ్గుపడను."

"మళ్ళ పెట్టు" అంది పెద్దమ్మ. పెట్టాను. రికార్డింగు కదా, అక్షరం మారలేదు.

"రెండోసారి గూడ గదే చెప్పింది. నిజమే చెప్పింది పిల్ల" అని కళ్ళు తుడుచుకుంది. మిర్చి చెయ్యి తగిలి ఇంకా నీళ్ళు కారాయి. నాకూ కారాయి. నేను మిరపకాయ ముట్టుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పాడె లేపేటప్పుడు పిల్లల్ని లోపలికి పొమ్మన్నారు. లాస్య పోలేదు. మా గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. డప్పుల మోతలో ఆ మాట పక్కనే ఉన్న నాకొక్కడికే వినపడింది. "ఆస్తా లువేగో, అవ్వా."

ఆ తర్వాత దాని నోట స్పానిష్ ముక్క రాలేదు. బడిలో అడిగితే తల వంచుకుంటోందని టీచరు ఫోన్ చేసింది. "స్పానిష్ పోతే పోయిందిరా, పిల్ల మాట్లాడుడే బంద్ చేసింది. నువ్వన్న ఏమన్న చెయ్యి" అంది అక్క. నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాకు పాఠం చెప్పమని బతిమాలాను.

"నీకు వచ్చు గద మామా. నీకెందుకు చెప్పాలె?" అంది లాస్య.

చదువుకున్నందుకు ఇంత అవమానం నా శత్రువుకు కూడా వద్దు. ఏమీ రాకుండా పెద్దమ్మ సంపాదించిన చోటు, అన్నీ వచ్చి నాకు దొరకడం లేదు. పోయాక కూడా ఆమెదే పైచేయి.

నిన్న సాయంత్రం లాస్య ఆ అరుగు మీదికి పోయి కూర్చుంది. నేనూ వెనకే పోయాను. పీట ఇంకా అక్కడే ఉంది, వాళ్ళింట్లో ఎవరికీ దాన్ని లోపల పెట్టడానికి చేతులు రాలేదు. నేను దాని వైపు ఒంగానో లేదో, లాస్య నన్నొక చూపు చూసింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని బండ మీద కూర్చున్నాను. ఇంతలో గల్లీలో తిరిగే పిల్లి వచ్చి, ఎవరినీ అడక్కుండా పీటెక్కి, చుట్టుకుని పడుకుంది. లాస్య దాన్ని ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ మనిషి మీద ఉన్న అసూయ నాకు పిల్లి మీదికి కూడా పాకింది.

పిల్లిని చూస్తూ లాస్య నోరు విప్పింది. "మామా, పిల్లిని ఏమంటరు?"

అది మొదటి పాఠంలోని మాటే. నాలుక చివరే ఉంది. మింగేశాను.

"నాకు తెల్వదు. నువ్వే చెప్పు."

నా మొహంలోకి చూసింది. మిర్చి బస్తా ముందు పెద్దమ్మ కూడా అలాగే చూసేదేమో.

"గాతో" అంది మెల్లగా.

పలకడంలో చిన్న తేడా ఉంది. అలా కాదని నేను అనలేదు. గాతో, అని అది పలికినట్టే పలికాను. లాస్య లేచి గౌను దులుపుకుంది.

"రేపు మళ్ళ అడుగుత" అని మా ఇంట్లోకి పోయింది.

రేపు కూడా నాకు తెలియకూడదు. గల్లీలో దీపాలు వెలిగాక కూడా నేను బండ మీదే కూర్చున్నాను. ఎర్రటి పీట మీద పిల్లి ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మళ్ళీ మూసుకుంది.