బేసిన్ పక్కన స్విచ్చి

ఎవరింట్లోనైనా చేతులు కడుక్కునే బేసిన్ పక్కన లైటు స్విచ్చి కనబడితే ఒక కరెంటు మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. "తడిచేతికి అందేచోట స్విచ్చి పెట్టించుకుంటారా? దాన్ని తలుపు బయటికి మార్పించండి!" అని గద్దించేవాడు. అయితే ఆయన సొంత మరుగుదొడ్డిలో స్విచ్చి బేసిన్‌ను ఆనుకొనే ఉండేది. దాని మూత పగిలి, లోపలికి చెమ్మ చేరినది మొదలు ఇంటివారందరూ దానిని దువ్వెనతో నొక్కడం అలవాటు చేసుకున్నారు. భార్య గుర్తు చేసినప్పుడల్లా ఆయన "ఆదివారం చూద్దాంలే" అనేవాడు.

తన కూతురిని, అంటే మేస్త్రి కోడలిని, చూడవచ్చిన వియ్యపురాలికి ఆ దువ్వెన సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమె చేతులు కడుక్కొని, తడివేలితో స్విచ్చి నొక్కి కెవ్వుమన్నది. మేస్త్రి పరుగున వెళ్లేసరికి గోడకు చేరగిలబడి వణికిపోతున్నది. కోడలు తల్లిని పొదివి పట్టుకొని తెచ్చి మంచంమీద కూర్చోబెట్టింది.

"కంగారుపడకండి అన్నయ్యగారూ, గండం గడిచింది. మీ ఇంట్లో కూడా ఇలా ఉంటుందనుకోలేదు, అంతే!" అన్నదామె, ఇంకా చేయి నిమురుకుంటూ.

"మీ అన్నయ్యగారి జాగ్రత్తలన్నీ డబ్బులిచ్చేవాళ్లకే వదినా! మాకు దువ్వెన చాలు," అన్నది భార్య.

మేస్త్రికి తల కొట్టేసినట్లయింది. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపి, గోడకు రంధ్రం చేసి, తీగను తలుపు బయటికి లాగి, కొత్త స్విచ్చి బిగించాడు. వంట ముగిసేలోపే పని పూర్తయింది. ఇంత స్వల్పమైన పనిని ఏళ్ల తరబడి వాయిదా వేశానే అన్న సిగ్గు ఆయనను నిలువునా దహించింది. భోజనానికి పిలిచినా లేవక, సర్దిన పనిముట్లనే మళ్లీ సర్దుతూ అక్కడే కూర్చుండిపోయాడు.