ఒకే బండి మీద ముద్దాయి, సాక్షి

రేపల్లె కోర్టులో మా ముద్దాయి మీద నేరం రుజువైందని మేజిస్ట్రేటు తీర్పు చదివిన రోజున, మా సీనియర్ బాపట్లలో వేరే కేసులో ఇరుక్కుపోయారు. "తీర్పయ్యాక శిక్ష మీద విడిగా వింటారు. లేచి నిలబడి ప్రొబేషన్ అడుగు, చాలు" అన్నారు ఫోనులో. నిలబడటం నాకు బాగానే వచ్చు. తెనాలి నుంచి రైల్లో అదే సాధన చేశాను, సీటు దొరక్క.

ముద్దాయి నగరం అనే ఊరి వైపు రైతు. కాలువ నీటి వంతు తగాదాలో పక్క పొలం ఆయన్ని పార కామతో కొడితే చెయ్యి విరిగింది. దానికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. మొదటి తప్పు గనుక, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదిలేసే వీలూ చట్టంలో ఉంది. అదే ప్రొబేషన్.

"ఇద్దరికీ ఇప్పుడు పగల్లేవండి" అన్నాను.

మేజిస్ట్రేటు మేడం దెబ్బతిన్నాయన్ని అడిగారు, నిజమేనా అని.

"పగెందుకండీ, నేనొచ్చేది ఆయన బండి మీదేగా!"

ప్రభుత్వ వకీలు ఎగిరి లేచాడు. "సాక్షుల్ని కలవకూడదని బెయిల్ షరతుందండి!"

ఆ షరతు ముద్దాయికి వివరించింది నేనే. చక్కగా తలూపాడు కూడా.

"ఎందుకు ఎక్కించుకున్నావు?" అన్నారు మేడం.

"ఈయన రాకపోతే వాయిదా పడుద్దమ్మా. వాయిదా పడితే మళ్ళీ నా నీటి వంతు పోద్ది."

"చెయ్యి విరగ్గొట్టింది తనేనండి. నేనెట్టా నడపను బండి?" అన్నాడు రెండో ఆయన.

"దారిలో కేసు గురించి ఏం మాట్లాడుకున్నారు?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు: "మాకు మాటల్లేవండి."

అప్పుడు నాకు నోరు పెగిలింది. "ఆ బండి దిగొచ్చే కదండీ ఈయన మా మనిషి కొట్టాడని సాక్ష్యం చెప్పింది. సాక్షిని తిప్పుకోవాలనుకుంటే ఇంత చేతకానితనంగా ఎవరూ తిప్పుకోరండి."

మేడం ఫైల్లోకి తల దించుకున్నారు. నవ్వారని నా నమ్మకం. ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించి, తర్వాతి వాయిదాలో ఏడాది బాండు మీద వదిలేశారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "గెలిచావా?" అంది.

"లేదమ్మా, నేరం రుజువైంది. జైలు తప్పింది."

సాయంత్రానికి గెలిచానని వీధంతా చెప్పింది. చట్టప్రకారం అది తప్పు సమాచారం. నేను అప్పీలుకు వెళ్లలేదు.

ఆ రోజు కోర్టు గేటు దగ్గర ముద్దాయి బండి స్టార్ట్ చేసి, ఏమీ అనకుండా ఆగాడు. రెండో ఆయన ఏమీ అనకుండా వెనక ఎక్కాడు.