నాలుగుంపావుకి మేలుకునే మిషను

పాత కంప్యూటరు తీసుకుపోవడానికి మనిషి వస్తానంటే, ఇచ్చేముందు అందులో పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయేమోనని మొన్న తెరిచి చూశాను. మేనకోడలి పుట్టినరోజు ఫొటోలు, బడి కోసం నేను తయారుచేసిన ప్రశ్నపత్రాలు, వాటి కింద ‘కులాసా’ అనే పేరుతో ఒక ఆడియో ఫైలు కనిపించాయి. ఏడు సెకన్లది. వినడానికి ధైర్యం చాలక కంప్యూటరు కట్టేసి, ఆ మనిషిని మరో వారం ఆగి రమ్మన్నాను.

తొంభైల్లో ఒక తుఫాను మా కోనసీమలో కొబ్బరిచెట్లనీ టెలిఫోను స్తంభాలనీ ఒకేసారి పడుకోబెట్టినప్పుడు, బయటి ఊళ్ళనుంచి, సరదాకి రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్ళు వచ్చి, బ్యాటరీల మీద నడిచే చిన్న సెట్లతో ఎవరెక్కడున్నారో కబుర్లు అందించడం చూసి, మా అన్నయ్య, ఆయన వెనకాలే నేనూ పరీక్ష రాసి లైసెన్సులు తెచ్చుకున్నాం. తరవాత అన్నయ్య అమలాపురంలో ఒక ఎత్తయిన మేడమీద రిపీటరు పెట్టించాడు. చిన్న సెట్లో మాట్లాడిన మాటను అందుకుని, దూరాలకి వినపడేలా మళ్ళీ పలికే మిషను అది. ఆయనకి బదిలీ కాగానే దాని ఆలనాపాలనా నా మీద పడింది. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని కనక నాకదే సంసారమని బడిలో తోటి టీచర్లు వేళాకోళం చేసేవారు. నిజమే కాబట్టి నాకు కోపం వచ్చేది కాదు.

మా ఊరికి ఇంటర్నెట్టు వచ్చాక రిపీటరుని ఒక కంప్యూటరుకి తగిలించి, హైదరాబాదు, విశాఖపట్నాల్లోని రిపీటర్లతో లింకు కలిపాం. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే లింకు నిద్రపోవాలి, ఎవరైనా మైకు మీట నొక్కితే మేలుకోవాలి, మేలుకోగానే ఒక ఆడియో ఫైలు వినిపించాలి, ఆ తరవాత అరనిమిషానికి దూరపు ఊళ్ళు కలవాలి. ఇవన్నీ సెట్టింగుల్లో నేనే కూర్చుని పెట్టాను. ముందుగా ఉన్న ఫైల్లో ఎవరో దొరగారు ఇంగ్లీషులో ముక్తసరిగా ఏదో అనేవాడు. మనవైపు మనిషి తలుపు తీస్తే ముందు పలకరించాలి కదా అని, దాన్ని తీసేసి నా గొంతుతో రికార్డు చేశాను. ఒకసారి కాకి, ఒకసారి పక్కింటి మిక్సీ అడ్డొస్తే ఏ పదోసారికో కుదిరింది: “నమస్కారమండీ. అమలాపురం లింకు మేలుకుంది. అందరూ కులాసాయేనాండీ?”

కొన్నాళ్ళకి, మీవైపు నుంచి రోజూ సాయంత్రం లింకు కలుస్తోంది గాని ఎవరూ మాట్లాడ్డం లేదని హైదరాబాదువాళ్ళు మర్యాదగానే ఫిర్యాదు చేశారు. కంప్యూటరు రాసుకునే చిట్టా తిరగేస్తే, రోజూ నాలుగుంపావుకి మొదట ఒక్క సెకను, నా పలకరింపు అయ్యాక మరో అయిదు సెకన్లు సిగ్నలు వచ్చినట్టుంది. చిట్టాలో వేళలే తప్ప మాటలుండవు, ఆ వేళకి నేను బడిలోనో, సెలవైతే ట్యూషన్లలోనో ఉంటాను. దగ్గర్లో ధాన్యం మిల్లు మోటారు ఆ వేళకే వేస్తారు కాబట్టి ఇది దాని నిప్పురవ్వలు రేడియోలో పుట్టించే గోలేనని తేల్చేశాను. సైన్సు టీచర్ని కదా, తేల్చడానికి ఎంతసేపు! నాలుగునుంచి అయిదుదాకా ఎవరు లేపినా లేవకుండా మిషనుకి నిద్ర పెట్టేశాను. చిట్టా శుభ్రంగా కనిపిస్తుంటే మురిసిపోయాను.

రాజోలు దగ్గర లంకలో బాబాయిగారని ఒకాయన ఉండేవారు. మా నాన్నగారి స్నేహితుడు, టెలిగ్రాఫు ఆఫీసులో చేసి రిటైరైనవారు. పిన్నిగారు పోయాక ఒక్కరే ఉండేవారు. ఆదివారం పొద్దుట మేమంతా రేడియోలో కలుసుకున్నప్పుడు రెండు ముక్కలు మాట్లాడి తప్పుకునేవారు. వరసగా రెండు ఆదివారాలు ఆయన గొంతు వినపడకపోయేసరికి, ఒంట్లో బాగుందో లేదోనని మూడో ఆదివారం బస్సెక్కి, పడవ దాటి వెళ్ళాను.

ఒంట్లో బాగానే ఉంది. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు, బడి సంగతులడిగారు, అన్నయ్య సంగతులడిగారు. లేవబోతుంటే మెల్లిగా అన్నారు. “నామీద విసుగొచ్చిందామ్మా? ఊరికే మీట నొక్కుతున్నానని కనిపెట్టి ఆపేసేవనుకున్నాను.”

అప్పుడు అర్థమైంది. రోజూ మధ్యాహ్నం నిద్ర లేచి, టీ పెట్టుకుని, ఆయన మీట నొక్కేవారట. నేను కులాసాయేనా అని అడిగితే, ఆయన కులాసాయేనమ్మా, నువ్వో, అని టీ తాగేవారట. ఆ అయిదు సెకన్లూ అవే. అది రికార్డండీ బాబాయిగారూ, అని నసిగాను.

“తెలీదేవిటమ్మా, ముప్పయ్యేళ్ళు టెలిగ్రాఫులో చేసేను. రికార్డయితే మట్టుకు, కులాసాయేనా అనడిగేక బదులు చెప్పకపోతే బావుంటుందా?”

మిషను పాడైందని, రేపటికల్లా బాగుచేస్తానని అబద్ధమాడాను. ఆయన నమ్మినట్టే, “ఆయ్, అలాగేనమ్మా” అన్నారు.

ఇంటికొస్తూనే ఆ నిద్ర తీసేశాను. మర్నాడు చిట్టాలో నాలుగుంపావు మళ్ళీ కనపడింది. సెలవురోజు ఆ వేళకి నేనే మైకు పట్టుకుని నిజంగా పలకరించి ఉండొచ్చు. ట్యూషన్లూ పేపర్లూ అనుకుంటూ, నా గొంతు ఆ పని చేస్తోంది కదా అని ఊరుకున్నాను. ఇన్నేళ్ళయినా నన్ను నేను క్షమించుకోలేకపోతున్నది దానికే. మరుసటేడు వానాకాలంలో వరసగా రెండురోజులు చిట్టాలో ఆ వేళ ఖాళీగా ఉంది. లంకలో కరెంటు పోయి ఉంటుందనుకున్నాను. మూడోరోజు కబురొచ్చింది.

తరవాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి, మాలో ఒక్కొక్కరే తప్పుకున్నారు, మేడవాళ్ళు అడిగితే మిషను దింపేశాం. ఇప్పుడు ఏ ఆఫీసుకి ఫోను చేసినా, ఏ బ్యాంకుకి చేసినా రికార్డు గొంతులే. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాయి గాని ఎలా ఉన్నావని అడగవు.

నిన్న టీ పెట్టుకుని, కంప్యూటరు తెరిచి, ఆ ఫైలు నొక్కాను. నలభయ్యేళ్ళ వయసునాటి నా గొంతు నమస్కారం పెట్టి, లింకు మేలుకుందని చెప్పి, కులాసాయేనాండీ అని అడిగింది. ఈ ఇంట్లో ఆ మాట వినపడి ఎన్నేళ్ళయిందో. రికార్డేనని తెలుసు, అందులోనూ నా గొంతే. అయినా అడిగాక బదులు చెప్పకపోతే బాగుండదు.

కులాసాయేనండీ, అన్నాను.