లాలాగూడలో ఉండిన హారిక గొంతు

నేను చదువు మధ్యలో వదిలేసి బయటికి నడిచిన రోజు ఆర్ట్స్ కాలేజీ భవనం బెత్తెడు కుంగిందంటారు. అన్నది నేనే అనుకోండి, కాని కొలిచి చూసి కాదన్నవాడు ఇంతవరకు లేడు. ఆ మెట్ల మీదే తొమ్మిదేళ్లుగా నేను మళ్లీ స్టూడెంట్‌ని. 'ఆరో బెంచీ' సీరియల్లో హీరోయిన్ హారిక వెనకాల పుస్తకాలు పట్టుకొని నడిచే గుంపులో ఎడమ నుంచి మూడోవాణ్ణి. ఇంటర్ సెకండియర్‌ని ఇన్నేళ్లు చదివిన మొనగాడు దేశంలో ఇంకొకడుంటే చూపించండి.

ఈ తొమ్మిదేళ్లలో హారిక వేషంలో నలుగురు అమ్మాయిలు మారారు. మొదటామె బెంగళూరు నుంచి వచ్చి, సినిమా దొరికి పోయింది. రెండో ఆమెకు పెళ్లయింది. తర్వాతి ఇద్దరూ అలాగే ఏదో ఒకటై వెళ్లిపోయారు. ఒక్కరికీ తెలుగు రాదు. మొహం మారిన ప్రతిసారీ జనం వారం రోజులు తిట్టుకొని, ఎనిమిదో రోజు మళ్లీ టీవీ ముందు కూర్చునేవారు. వెనక నడిచే నేను మారలేదు కాబట్టే సీరియల్ నిలబడిందని తార్నాక టిఫిన్ సెంటర్లన్నింటిలో ప్రచారం చేశాను. కొందరు నమ్మారు కూడా.

అసలు నిలబెట్టింది అరుంధతక్క.

అక్కకు యాభై నాలుగేళ్లు. ఉండేది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. భర్త రత్నాకర్ వర్క్‌షాపులో ఫిట్టర్. మామూలుగా మాట్లాడితే అక్క గొంతు పెద్ద గిన్నె దొర్లినట్టు ఉంటుంది. తార్నాకలోని డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడితే మాత్రం పదిహేడేళ్ల హారిక. నలుగురు అమ్మాయిల నోళ్లలోంచీ మాట్లాడింది ఈమె ఒక్కతే.

రెండో అమ్మాయి వచ్చినప్పుడు డైరెక్టర్ రవికాంత్ గారు కొత్త మొహానికి కొత్త గొంతు ఉండాలని అక్కను కూడా మార్చేశారు. రెండు వారాల్లో చూసేవాళ్లు సగమయ్యారు. లేడీస్ హాస్టల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది: "మొహం మార్చుకున్నరు, సరే. హారికను ఎందుకు మార్చిన్రు?" ఆ ఉత్తరం పట్టుకొని రవికాంత్ గారే లాలాగూడ వెళ్లి అక్కను వెనక్కి తీసుకొచ్చారు. మారుతీ కారులో తెచ్చారు. నేను చెప్పేటప్పుడు దాన్ని ఏనుగు చేస్తాను.

కొత్త అమ్మాయి వచ్చిందంటే అక్క చేసే పని ఒకటుంది. షూటింగ్‌కు వచ్చి, ఆ అమ్మాయి ఇడ్లీ తినేటప్పుడు ఎదురుగా కూర్చొని చూసేది. "యాక్టింగ్‌ల నోరు అబద్ధం చెప్తది డిగ్రీ. తినేటప్పుడు చెప్పదు," అనేది. డిగ్రీ అంటే నేనే. లేనిదానితో పిలవడం ఆమెకు సరదా. బెంగళూరు అమ్మాయి పెదవులు మాటకు ఒక క్షణం ఆలస్యంగా తెరుచుకునేవి. అక్క ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టి, చిన్నగా వదిలి, అప్పుడు మాట అందుకునేది. ఆ అమ్మాయి పోయినా ఆ ఆగడం పోలేదు. హారిక అంటే అలా ఆగి మాట్లాడే పిల్ల అని ఊరంతటికీ స్థిరపడిపోయింది.

ఈ జూన్‌లో ఐదో హారిక వచ్చింది. పేరు నవనీత. మాణికేశ్వర్ నగర్ పిల్ల, మా క్యాంపస్‌లోనే బీఏ. వచ్చిన రోజే రవికాంత్ గారు అక్కను పిలిచారు.

"అరుంధతి గారూ, ఈ అమ్మాయికి తెలుగు వచ్చండీ. తన గొంతే ఉంచుదామని ఛానల్‌వాళ్లు అంటున్నారు. ఒకే సీను ఇద్దరిచేతా చెప్పించి చూద్దాం. బాగున్నది ఉంచుతాం."

అక్క తలూపింది. బయటికొచ్చాక నాతో అన్నది: "నాకు పిల్లలు లేరు గద డిగ్రీ. తొమ్మిదేండ్లసంది ఇంట్ల సుత ఒక పదిహేడేండ్ల పోరి ఉన్నట్టే ఉన్నది. రేపు అది ఉంటదో పోతదో."

నేను ధైర్యం చెప్పాను. "నీ గొంతు ముందర ఆ పిల్ల ఎంత అక్కా. నేను కండ్లు మూసుకొని చెప్త ఏది నీదో. తప్పైతే మీసం తీసేస్త."

మర్నాడు పొద్దున బొమ్మ లేకుండా రెండు రికార్డింగులూ వినిపించారు. స్నేహితురాలు ఊరు విడిచిపోతోందని హారికకు తెలిసే సీను. మొదటిది మొదలైంది. ఒక క్షణం మౌనం. చిన్న ఊపిరి. తర్వాత, "అవునా? మరి ఆరో బెంచీలో నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఇది అక్కదే," అన్నాను, రెండోది వినకుండానే.

సౌండ్ చూసే శివకుమార్ నా మీసం వైపు జాలిగా చూశాడు. అది నవనీతది.

అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకొని దాన్ని మళ్లీ వేయమన్నది. ఇంకోసారి వేయమన్నది. తర్వాత నవనీతను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మాట ముందట గట్ల ఎందుకు ఆగుతున్నవ్? ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పలే అమ్మా. నేను గట్లనే మాట్లాడత." ఆ పిల్ల ఆ మాట కూడా ఆగే అన్నది. "నాలుగో క్లాసుల ఉన్నప్పటిసంది హారికను చూస్తున్న. మా బస్తీల ఆడపిల్లలం శానమందిమి గిట్లనే మాట్లాడతం. మా అమ్మ తిడ్తది, మాట మింగుతవేందే అని."

నా జీవితంలో చాలా కోతలు కోశాను. మౌలాలి గుట్టను ఒక్క ఊపిరిలో ఎక్కానని కూడా చెప్పాను. కాని ఇలాంటిది కల్పించడం నా తరం కాదు. ఎప్పుడో వెళ్లిపోయిన ఒక బెంగళూరు అమ్మాయి పెదవులు ఆలస్యంగా తెరుచుకోవడం, వాటి కోసం లాలాగూడ ఆడమనిషి ఒకామె ఊపిరి బిగబట్టడం, అదంతా వచ్చి మాణికేశ్వర్ నగర్ ఇళ్లలో తల్లులతో పోట్లాడుతోంది. మాకెవరికీ తెలియనే తెలియదు.

రవికాంత్ గారు అక్క వైపు తిరిగారు. "అరుంధతి గారూ, మీరే చెప్పండి."

అక్క హెడ్‌ఫోన్స్ తీసి, వైరు చుట్టి, బల్ల మీద పెట్టింది. ఆ చుట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఈ పిల్లనే మాట్లాడనియ్యుండ్రి సార్." తర్వాత నవనీత వైపు తిరిగింది. "నేను ఆగినానంటే ఇంకొకరి నోరు తెరుచుకోవాలె గనక ఆగిన. నీకు ఆగే పని లేదు బిడ్డా. నీ నోరు నీదే గద."

"ఆగకపోతే అది హారిక కాదు గదమ్మా," అన్నది నవనీత.

అక్క మొదటిసారి నవ్వింది. "అయితే నీ ఇష్టం. గానీ ఏడ్చేటప్పుడు మాత్రం ఆగకు. నేను ఆడ శాన కష్టపడ్డ."

తార్నాక స్టాపు దాకా నేనే తోడు వెళ్లాను. దారిలో మంగలి షాపు వచ్చింది. అక్క ఆగి నా మీసం వైపు చూసింది. లోపలికి వెళ్లి మాట నిలబెట్టుకొని వచ్చాను. గుంపులో ఎడమ నుంచి మూడోవాడు కూడా మారాడని అప్పటినుంచి కొందరు అనుకుంటున్నారట.

బస్సు వస్తుంటే అడిగాను. "అక్కా, ఆఖరుసారి ఒక్క ముక్క హారికలెక్క మాట్లాడరాదు."

ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ కోసం అక్క బ్యాగులోంచి ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకున్నది. పెద్ద గిన్నె దొర్లినట్టుండే తన గొంతుతోనే అన్నది:

"హారిక నా దగ్గర లేదు డిగ్రీ. మాణికేశ్వర్ నగర్‌ల ఉంటున్నది."

బస్సెక్కింది. నేను బోడి మూతితో అక్కడే నిలబడ్డాను.