మొక్కలకు పంక్తిభేదం

ఆ రోజుల్లో డిగ్రీలో బోటనీ తీసుకున్న ఆడపిల్లలంతా మొక్కల మీద ప్రేమతోనే తీసుకున్నారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు లెక్కలు రావు, అంతే. డెబ్భైల నాటి మాట. మాది కంకిపాడు దగ్గర పల్లె, చదువు బెజవాడలో, మకాం పటమటలో పెద్దమ్మ ఇంట్లో. పెద్దమ్మకు ముగ్గురు పిల్లలు, నేను నాలుగోదాన్ని. చివరి ఏడాదిలో హార్మోన్ల పాఠం వచ్చింది. జిబ్బరెల్లిన్ వరి ఆకును సాగదీస్తుందట, ఆబ్సిసిక్ ఆమ్లం (ఈ పేరుకు నాకు నోరు తిరిగేది కాదు) ఎదగనివ్వకుండా ఆపుతుందట, రెండూ కలిస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుందట. (మా నానమ్మా, అత్తయ్యా గుర్తొచ్చారు గానీ పరీక్షలో అలా రాయకూడదు కదా.) మేడమ్ రెండు చిన్న సీసాలు చేతికిచ్చి, ఇంట్లో ప్రయోగం చేసి చూపిస్తేనే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనిస్తానన్నారు.

వెనక వసారాలో నాలుగు ముంతల్లో వడ్లు మొలకెత్తించాను. మొదటి ముంతకు ఉత్త నీళ్లు, రెండోదానికి సాగదీసేది, మూడోదానికి ఆపేది, నాలుగోదానికి రెండూ. రోజూ పొద్దున్నే చుక్కలు వేసి కాలేజీకి పరిగెత్తేదాన్ని. తీరా చూస్తే నాలుగు ముంతల్లోనూ ఆకులు ఒకే ఎత్తున నిలబడ్డాయి. సీసాలు తారుమారు చేశానా అనుకున్నాను, వడ్లను అనుమానించాను, చివరికి పుస్తకాన్నే అనుమానించాను. ఎంతకీ బుర్రకెక్కక, హార్మోన్లు గాలిలో ఒక ముంత నుంచి ఇంకో ముంతకు పోతున్నాయని సొంతంగా ఒక సిద్ధాంతం అల్లి మేడమ్‌కు అప్పజెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, "గాలిలో పోయే హార్మోను ఇథిలీన్ ఒక్కటేనమ్మా, అది నీ సీసాల్లో లేదు" అన్నారు. ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అదీ తప్పితే పరీక్ష మాట మరిచిపొమ్మనీ అన్నారు.

ఇంటికొచ్చి ముంతల ముందు కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ వచ్చి సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆవిడ చాలా మామూలుగా అంది.

"హడావిడిలో నువ్వు మర్చిపోతున్నావనుకున్నానే. ఒక పంక్తిలో కూర్చోబెట్టి ఒకదానికి పోసి ఇంకోదానికి మానేస్తే ఎట్లా? పంక్తిభేదం కాదూ? అందుకే నువ్వెళ్లాక ఆ రెండు సీసాల్లోదీ అన్నిటికీ తలా కాస్త పోస్తున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండోసారి ప్రయోగం కాలేజీలోనే పెట్టాను. ఈసారి పుస్తకంలో చెప్పినట్టే సాగాల్సినవి సాగాయి, ఆగాల్సినవి ఆగాయి. మేడమ్ పరీక్షకు కూర్చోనిచ్చారు.

ఆ పూట భోజనాల దగ్గర పెద్దమ్మ నెయ్యి గిన్నెతో వరసగా వచ్చింది. అక్కకు, అన్నయ్యకు, తమ్ముడికి, నాకు, అదే చెంచాతో అంతంతే వేసింది. అప్పుడుగానీ తట్టలేదు నాకు, ఆ ఇంట్లో ఉత్త నీళ్ల ముంతను నేనేనని.

ఏ హార్మోను ఏం చేస్తుందో ఇప్పుడడిగితే మళ్లీ తడబడతాను. బాల్కనీలో కుండీలకు ఎరువు నీళ్లు పోసేటప్పుడు మాత్రం ఎప్పుడో ఎండిపోయిన చివరి కుండీకి కూడా తలా కాస్తలో ఆ కాస్త పోస్తూ ఉంటాను, నా మీద నాకే నవ్వొస్తున్నా సరే.